గాజు గొట్టంలో పాలు

పాలు పొంగుతుంటే ఇప్పటికీ నాకు చేతులాడవు. చూస్తూ నిలబడిపోతాను.

ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ రుఆబాంధాలో కొత్త క్వార్టర్‌కి మారిన రోజు అమ్మ పాలు పొంగించి, "పొంగితే మంచి జరుగుతాది" అంది. ఆ వారమే నాన్న కాళ్లు వాచాయి. ఆసుపత్రి ల్యాబ్‌లో పరీక్షలు చేసే దీదీ ఆయన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి మంట మీద పట్టింది. పైభాగం తెల్లగా విరిసింది.

"నాన్నా, పాలు! మనకి మంచి జరుగుతాది!" అని గంతులేశాను.

దీదీ తల దించుకుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫర్నేస్ వేడికి కమిలిన ముఖంతో నాన్న నవ్వాడు.

"అవునే తల్లీ, మంచే."

ఆ తెలుపు, కిడ్నీలు పట్టి ఉంచలేక వదిలేసిన ప్రోటీన్. ఆ గదిలో అది తెలియనిది నాకొక్కదానికే.