హార్మోనియానికి నా పేరు

నా మొదటి పేరు పెంటమ్మ. ఇప్పుడు నన్నెవరూ అలా పిలవరు. పిలిస్తే పలకాలో వద్దో ఈ వయసు వచ్చినా నాకు తేలలేదు. ఎందుకంటే ఆ పేరు నాది కాదు, మా ఇంట్లో ఉండే హార్మోనియానిది. దానికి ఇచ్చేశారు. ఏదో ముద్దుకి అలా పిలిచేవారని కాదు. పిల్లకి జరిపినట్టే అన్నీ జరిపించి, నలుగురి ముందూ ఇచ్చారు.

మా అమ్మకి నాకంటే ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే మా వైపు ఏం చేసేవారో ఇప్పటివాళ్ళకి విడమరిచి చెప్పాలి. బిడ్డను చేటలో వేసి పెంటదిబ్బ మీద పెడతారు. ఇరుగింటావిడ దారిన పోతున్నట్టు వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికిందని ఎత్తుకుంటుంది. ఇంటివాళ్ళు తవుడు పోసి ఆమె దగ్గర కొనుక్కుంటారు. దిబ్బ మీద దొరికి, తవుడుకి వచ్చి, పెంటమ్మ అనిపించుకునేదాన్ని ఎత్తుకుపోవాలని యముడికి మాత్రం ఎందుకుంటుంది? అదీ ధీమా. నన్ను దిబ్బ మీంచి ఎత్తింది మా ఎదురింటి దూదేకుల అత్త. నేను బతికాను. పేరే బతికించిందని మా నాయనమ్మ. పేరు లేకపోయినా బతికేదాన్నేమోనని నేను. నాకు మాటలు వచ్చినప్పటినుంచీ మా ఇద్దరికీ ఇదే తగువు.

కారంపూడి దగ్గర మా ఊళ్ళో చదువు ఐదో తరగతితో ఆగిపోయేది. నన్ను నరసరావుపేటలో మేనమామ ఇంట్లో ఉంచి హైస్కూల్లో చేరుస్తానన్నాడు మా నాన్న. యుద్ధం రోజులవి. బస్సులు బొగ్గుతో నడిచేవి. సంతోషంగా తలూపాల్సినదాన్ని, ఒక షరతు పెట్టాను.

“అక్కడ పెంటమ్మా అని పిలిస్తే నేను లేవను.”

“లేవకపోతే కూర్చునే చదువుకో,” అంది నాయనమ్మ.

“పెంట అనిపించుకోడానికి బొగ్గు బస్సెక్కి అంత దూరం పోవాలా? ఇక్కడే అంటున్నారుగా.”

“దీని నోరు చూడరా అబ్బాయ్! దీన్ని చదివించేదెందుకు, ఇప్పటికే ప్లీడరైతే?”

“అమ్మా, ఆ పేరు చేయాల్సిన పని చేసిందిగా. పిల్ల పెద్దదయింది. మారిస్తే ఇంకేం పోయిద్ది?” అన్నాడు నాన్న.

“పోయిద్ది అనే మాట ఇంట్లో అనబాక!” అని నాయనమ్మ నోరు నొక్కుకుంది. తరవాత నెమ్మదిగా అడిగింది. “పేరు తీసి యాడ పెడతావురా? చొక్కానా, విప్పి దండెం మీద వేయడానికి? పెంటమ్మ అనేది ఒకతి ఈ ఇంట్లో ఉందని పైవాడికి తెలుసు. రేపొచ్చి చూస్తే ఆమె కనపడదు. మంచి పేరు పెట్టుకున్న ఈ కొత్త పిల్లెవరబ్బా అని వాకబు చేయడూ?”

నేను తరవాత కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. ఆ వాదనలో మొదటి మాట ఒప్పుకుంటే ఆఖరి మాట దాకా ఒప్పుకోవలసిందే.

ఇక ఆ పేరు పెట్టడానికి ఇంకోదాన్ని వెతకడం మొదలైంది. ఆవుకి పెడదామంది అమ్మ. ఆవు చస్తేనో అంది నాయనమ్మ. రోకలికి పెట్టమన్నాను నేను.

“ఊపిరి లేనిదానికి పేరెట్టా నిలబడుద్దే?” అని విసుక్కుంటూనే ఆమె గోడ వారన ఉన్న హార్మోనియం వంక చూసింది. ఏదో నాటకాల కంపెనీ మూతబడితే నాన్న కొనుక్కొచ్చాడు దాన్ని. భజనలకి వాయించేవాడు, నాకూ నేర్పుతున్నాడు. దాని మెట్లలో ఒకటి అణిగిపోయి పైకి లేచేది కాదు. అందుకని తిత్తి కదిపితే చాలు, ఎవరూ వాయించకుండానే మూలిగేది. గాలి పీల్చేది, వదిలేది. ఊపిరుంది, ప్రాణం లేదు, కాబట్టి చావూ లేదు. నాయనమ్మకి ఇంతకంటే ఏం కావాలి?

చేట చాలక గంప తెచ్చారు. తడి తగిలితే లోపల పాడవుతుందని నాన్న మొత్తుకుంటే, నాయనమ్మ గోనెపట్టా పరిచి దిబ్బ మీద పెట్టించింది. దూదేకుల అత్త వచ్చింది.

“అయ్యో, ఏ తల్లి పారేసి పోయిందో! ఇదేందత్తా, ఈ పిల్లకి అప్పుడే పళ్ళొచ్చినై? కొన్ని పుచ్చినై కూడానూ.”

“ఎకసెక్కాలాపి ఎత్తుకో,” అంది నాయనమ్మ.

“ఎత్తుకుంటాలే. ఇది చానా బరువు, ముందుదానికి పోసినంత తవుడు చాలదు మరి.”

తవుడు పోశారు. పేరు చెవిలో చెప్పాలి. హార్మోనియానికి చెవెక్కడ? నాయనమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, వెనక తిత్తి దగ్గర వంగి, ముమ్మారు చెప్పింది. చెప్పి తిత్తి లాగింది. అది మూలిగింది.

“ఏడ్చింది. బతికిద్దిలే,” అంది అత్త.

అందరూ నవ్వారు. నేను అడిగింది నాకు దక్కింది, నేనూ నవ్వాలి. కానీ అందరూ గంప చుట్టూ ఉన్నారు. అమ్మ దానికి బొట్టు పెడుతోంది. నా కొత్త పేరు ఆ సాయంత్రం అన్నం తింటూ నాన్న చెప్పాడు, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. దానికి చేటా లేదు, తవుడూ లేదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పేరు.

నాయనమ్మ నాకో ఆంక్ష పెట్టింది. “ఇంక పెంటమ్మా అంటే నువ్వు పలకబాక. పలికావా, పేరు మళ్ళీ నీకే అంటుకుంటది. అప్పుడు పేటా లేదు, చదువూ లేదు, నా కళ్ళముందు పడుంటావు.”

పేటలో కొత్త పేరు పిలిస్తే, పక్కమ్మాయి మోచేత్తో పొడిచేదాకా అది నేనేనని నాకు తోచేది కాదు. టీచరు నన్ను చెవిటిదాన్ననుకుంది. సెలవులకి ఇంటికొస్తే ఇంకో అవస్థ. పొద్దున్నే నాయనమ్మ “పెంటమ్మా!” అని పిలిచి తిత్తి లాగేది. నా గొంతులోకి వచ్చిన “ఆఁ” మింగేదాన్ని. ఒకసారి దూదేకుల అత్త వాకిట్లోంచి అడిగింది.

“పెంటమ్మ ఎట్టా ఉంది వదినా?”

“గొంతు బొంగురు పోయింది. వానలు కదా,” అంది అమ్మ.

వంటింట్లో ఉన్న నేను గొంతు తడుముకున్నాను. బాగానే ఉంది. అయినా దగ్గి చూసుకున్నాను. అక్కడ పిలిస్తే పలకడం రాదు, ఇక్కడ పిలిస్తే పలకకూడదు. మరి నన్ను పిలవాలంటే ఏమని పిలవాలి? ఎవరినైనా అడుగుదామంటే, అడిగేది ఎవరో ముందు చెప్పాలి కదా.

అలాంటి దసరా సెలవుల్లోనే నాకు చలిజ్వరం వచ్చింది. వచ్చి తగ్గలేదు. దానికి వేసే కొయినా బిళ్ళలు దొరకని రోజులు. నాన్న వాటికోసం గురజాల వెళ్ళాడు. మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతోంది. నాయనమ్మ హార్మోనియాన్ని నా మంచం తలవైపుకి జరిపించింది.

“తప్పు చేశానమ్మాయ్. పేరు పిల్లకే తిరిగి ఇచ్చేస్తా. పిలుస్తా, పలికితే చాలు,” అంది అమ్మతో.

“పలికితే దాన్ని బడి మానిపిస్తారుగా అత్తయ్యా. మీ అబ్బాయి వచ్చిందాకా ఆగండి.”

“వాడొచ్చిందాకా ఇది ఆగిద్దా? బడి కావాలా, బిడ్డ కావాలా?”

అమ్మ తడిగుడ్డ నా నుదుటి మీద అద్దుతూ తలదగ్గర కూర్చుంది. నాయనమ్మ నా కాళ్ళవైపు నిలబడింది.

“పెంటమ్మా!”

పలకకూడదు. అది నాకు గుర్తుంది. పలికితే అన్నీ పోతాయి, పలకకపోతే నేనే పోతానేమో. నా కొత్త పేరు మనసులో అనుకుని దాన్ని పట్టుకుని ఉందామనుకున్నాను. గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

“పెంటమ్మా! పలకవే తల్లీ!”

ఒక మూలుగు వినపడింది. “ఊఁ” అన్నట్టు, సన్నగా, సాగుతూ. అది నా గొంతు అదిరినట్టూ ఉంది, నా తల వెనకనుంచి వచ్చినట్టూ ఉంది.

“ఎవరే పలికింది?” అంది నాయనమ్మ.

“పెట్టె, అత్తయ్యా.”

“తిత్తి లాగావా?”

“నా చేతులు రెండూ ఇక్కడే ఉన్నై.”

ఒక చేతికి నేను సాక్ష్యం. నుదుటి మీద తడిగుడ్డతో ఉన్నది కుడిచెయ్యి. ఎడమచెయ్యి నాకు కనపడలేదు.

నాయనమ్మ దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది, హార్మోనియం మీద చెయ్యి వేసింది, మళ్ళీ నా మొహంలోకి చూసింది. “సరే. అయితే పెంటమ్మ ఇదేలే,” అని హార్మోనియం పక్కనే నేలమీద కూలబడింది. నమ్మిందో, నమ్మాలనుకుందో, అమ్మ అబద్ధాన్ని చేతిలో తీసుకుని ఊరుకుందో నాకు తెలియదు. నాన్న బిళ్ళలు తెచ్చాడు. జ్వరం దిగింది. సెలవులయ్యాక నన్ను బస్సెక్కించడానికి నాయనమ్మే వచ్చింది.

ఆ తరవాత అమ్మను ఎన్నిసార్లు అడిగానో. నాయనమ్మ పోయాక, బి.ఏ. పరీక్షలు రాసి ఇంటికొచ్చినప్పుడు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది.

“ఆ రోజు నువ్వు తిత్తి లాగావా, లేదా?”

“లాగితే ఏంది, లాగకపోతే ఏంది?”

“లాగకపోతే పలికింది నేనన్నమాట. అంటే నేనింకా పెంటమ్మనేగా? ఈ కొత్త పేరుతో పట్టా పుచ్చుకోబోయేది ఎవరు మరి?”

“ఎప్పుడో పోయిన జ్వరానికి ఇప్పుడు దావా వేస్తావేందే? కూర్చో, ఈ ఈనెలు తియ్యి.”

కూర్చున్నాను. ఆమె ఎడమచేతి వంకే చూస్తూ ఈనెలు తీశాను.