హారతి అయ్యాక వచ్చే ఏడుపు

క్యాసెట్టు చివర టేపు ఉత్తగా తిరిగితే దుకాణం వాడు మోసం చేశాడనుకునే రోజులవి. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు. మా ఖానాపూర్‌లో జనం క్యాసెట్టు కొనే ముందు పాటలు వినేవాళ్ళు కాదు, చివరికి తిప్పించి చూసేవాళ్ళు. అక్కడ చప్పుడు ఉంటే సరే. లేకపోతే నిండా పైసలు తీసుకుని సగం టేపు ఇచ్చారని కౌంటర్ మీద పడేసి పోయేవాళ్ళు. పాలల్లో నీళ్ళు పోసినా ఊరుకుంటారు గానీ టేపులో ఖాళీని మాత్రం ఓర్చుకోరు. అందుకే మా మామ రికార్డింగ్ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. అడిగిన పాటలన్నీ ఎక్కించాక, మిగిలిన చోటులో చేతికి దొరికిన పాట ఏదో ఒకటి నింపడం. అది సగంలో తెగిపోయినా ఎవరికీ పట్టింపు లేదు. చప్పుడు ఉండాలి, అంతే.

ఆ కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చునేదాన్ని నేను. మామ అంటే మా అవ్వకు (మా దిక్కు అమ్మను అవ్వ అంటాం) సొంత తమ్ముడు. పదో తరగతి లెక్కల్లో పోయి (ఒక్క లెక్కల్లోనే అని అవ్వ అందరికీ చెప్పేది, సైన్సు సంగతి దాచింది) ఇంట్లో చేట ముందేసుకుని బీడీలు చుడుతుంటే, ఆడపిల్ల కూర్చుంటే భక్తి క్యాసెట్లు బాగా పోతాయని మామే పిలిచాడు. నాకది స్టూలు కాదు, సింహాసనం. తునికాకు వాసన లేదు, నడుము నొప్పి లేదు, పైన ఫ్యాను తిరుగుతుంది. ఆ స్టూలు పోయిందంటే మళ్ళీ చేటే. నేను చెప్పబోయేదంతా ఆ స్టూలు గురించే అనుకోండి.

మామకు ఒక కొడుకు. ఊరంతా లండన్ బావ అనేది, నాకైతే వరసకు కూడా బావే. లండన్ చూసింది లేదు, సికింద్రాబాద్ స్టేషన్ దాటింది లేదు. డిగ్రీ చదువుతానని హైదరాబాద్ పోయి, డిగ్రీ అక్కడే వదిలేసి, మెడ మీద జుట్టుతో, ఇంగ్లండు బ్యాండు ఒకదాని క్యాసెట్లతో తిరిగొచ్చాడు. అట్ట మీద బొమ్మలో ఆ బ్యాండు వాళ్ళు నలుగురూ, గుడి బయట చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళలాగా కిందికే చూస్తుండేవాళ్ళు. వాళ్ళ పేరుకు మామకు నోరు తిరగక 'ఏడుపు పార్టీ' అని పెట్టేశాడు. పాడేవాడు నిజంగానే ఏడ్చినట్టు పాడేవాడు, వెనక గిటార్లు వానాకాలం రేకుల కప్పులాగా మోగేవి.

బావకు మాత్రం వాళ్ళు దేవుళ్ళు. మొదటి రిలీజు, అంటే మొదటి ఆల్బమ్, ఒక చిన్న కంపెనీ వేసిందట, దోస్తు ఇంట్లో కూర్చుని రికార్డు చేశారట. రెండోదానికి పేరొచ్చిందట. మూడోదాన్ని పెద్ద కంపెనీ కొనుక్కుని, అందరిలాగా పాడమని సతాయించి, ఏండ్ల తరబడి బయటికి రానీయలేదట. ఈ చరిత్ర నేను రోజూ వినేదాన్ని. వాళ్ళవి ఆల్టర్నేటివ్ పాటలని బావ అంటుంటే, ఒకరోజు అసలు ఈ ఆల్టర్నేటివ్ అంటే ఏమిటని అడిగాను. అందరూ వినే పాటలు కావన్నాడు. మరి ఎవరు వింటారన్నాను. "నా అసొంటోళ్ళు" అన్నాడు. ఖానాపూర్‌లో బావలాంటి వాడు బావ ఒక్కడే. ఇంకో సంగతి, బావ కూడా ఆ పాటలు వినేవాడు కాదు. పాట మొదలైతే చాలు, అది ఎన్నో రిలీజు, ఏ కంపెనీ అని చెప్పడం మొదలుపెట్టి, పాట అయిపోయేదాకా చెప్పేవాడు. (మా ఇద్దరికీ పెళ్ళి చేద్దామని అవ్వకు కొన్నాళ్ళు ఆశ ఉండేది. బతికిపోయాను.)

జనానికి రుచి నేర్పాలని, క్యాసెట్ల ఖాళీల్లో ఈ బ్యాండు పాటలే నింపేవాడు బావ. మొదటి రిలీజంతా పెండ్లి పాటల చివర్లకు పోయింది. రెండోది దుబాయ్ పోయేవాళ్ళు వెంట తీసుకుపోయే క్యాసెట్లకు పోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ ఆ బ్యాండు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొత్తం పాట మాత్రం ఒక్కటి తెలియదు.

ఇట్లా ఉండగా పక్క ఊరి పటేలు వచ్చాడు. కాలువ కింద పొలం, భజన బృందానికి పెద్ద. తన గొంతు నర్సింహస్వామి స్వయంగా ఇచ్చాడని ఆయన నమ్మకం (స్వామికి ఎవరూ చెప్పినట్టు లేదు). ధర్మపురి జాతరలో అమ్మడానికి తన భజన క్యాసెట్లు కావాలన్నాడు. మా దుకాణానికి అంత పెద్ద పని అదివరకు రాలేదు. ఆ సాయంత్రం మామ నన్ను పక్కకు పిలిచాడు. "గీ పని మంచిగైతే స్టూలు నీదే పొల్లా. జర ఇటు అటైందో, మీ అవ్వ కాడ చేట ఖాళీగనే ఉన్నది."

భజన ఎక్కించాం. హారతి అయ్యేసరికి రెండో వైపు ఇంకా కొంత టేపు మిగిలింది. దేవుని క్యాసెట్టు కదా, దేవుని పాటే నింపమని బావను బతిమాలాను. "గిది గూడ భక్తే, నీకు సమజ్ గాదు" అని, మూడో రిలీజులో అన్నింటికన్నా నిదానంగా ఏడ్చే పాట పెట్టాడు. మామకు చెప్పాను. హారతి తర్వాత వినేది ఎవరు, టేపు తిరగేసుకుంటారు, ఊకో అన్నాడు. క్యాసెట్లన్నీ అట్లాగే జాతరకు పోయాయి.

జాతరలో ఏమైందో పోయివచ్చిన వాళ్ళు చెప్పారు. క్యాసెట్లు అమ్మే కొట్టు దగ్గర మైకులో భజన నడిచింది, హారతి వచ్చింది, జనం చేతులు కండ్లకద్దుకున్నారు. ఆ చేతులు దిగక ముందే డ్రమ్ము మోగింది. తర్వాత గిటారు. తర్వాత ఆ ఇంగ్లండాయన గొంతెత్తి ఏడ్చి ఏడ్చి, సరిగ్గా గొంతు పైకి లేచినప్పుడు టక్కున తెగిపోయాడు. మళ్ళీ క్యాసెట్టు పెడితే మళ్ళీ అదే. జాతర నడిచినన్నాళ్ళూ అదే. నేను ఇంట్లో చేట ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను.

జాతర కాగానే పటేలు భజనవాళ్ళను వెంటేసుకుని దుకాణంలోకి వచ్చాడు. క్యాసెట్టు కౌంటర్ మీద పెట్టి, ఆఖర్న ఎవరు నింపారని అడిగాడు. ఆ మాట పూర్తి కాకముందే మామ వేలు నా వైపు లేచింది.

"గీ పొల్లనే పటేలా. పది ఫేలు. తెల్వక చేసింది."

బావ వెనక పరదా చాటున, చిక్కుపడని టేపు చిక్కు తీస్తున్నాడు. పటేలు నన్నే చూస్తున్నాడు.

"ఎవడు బిడ్డా గా ఏడ్చేటోడు?"

"ఇంగ్లండాయన పటేలా."

"తల్లి పోయిందా వానికి?"

నాకేం తెలుసు. పటేలే తల ఊపుకున్నాడు. "పోయే ఉంటది. మా అవ్వ పోయిన్నాడు నేను గట్లనే ఏడ్చిన. జాతరల ఆడోళ్ళంత కండ్లు తుడుసుకున్నరు. నా హారతికి తుడుసుకోలే, వాని ఏడుపుకు తుడుసుకున్నరు."

దుకాణంలో గాలి మారింది. పరదా కదిలింది. జుట్టు సవరించుకుంటూ బావ బయటికొచ్చాడు. "నింపింది నేను పటేలా. అది వాళ్ళ మూడో రిలీజు. పెద్ద కంపెనీ ఉన్నది సూడుండ్రి..."

"నువ్వా నింపింది?"

"నేనే. గీమెకేం తెల్సు."

"మరి సగంల ఎందుకు కోసినవ్ రా?" పటేలు గొంతు లేచింది. "తల్లి కోసం ఏడ్చేటోని గొంతు నడుమల పిసుకుతవా? తర్వాత ఏమైంది పటేలా అని జాతరంత నన్నే అడుగుతున్నరు. ఏం చెప్పాలె నేను? జాగ చాలకపోతే నా భజన కోసినా ఊకుందు గద." (వెనక భజనవాళ్ళు తలలూపారు, కొంచెం ఎక్కువగానే.)

టేపు అయిపోయిందని బావ ఏదో గొణిగాడు. పటేలు వినలేదు. ఒక కీర్తన తీసేసి, ఆ పాట మొదటి నుంచి చివరిదాకా ఎక్కించి, క్యాసెట్లన్నీ మళ్ళీ ఇవ్వాలన్నాడు. ఎక్కించేది కౌంటర్ మీది పిల్లే, ఈ జుట్టాయన చెయ్యి పెట్టొద్దన్నాడు. మామ చేతులు జోడించి, "మా పొల్ల మస్తు హుషారు పటేలా" అన్నాడు. అదే నోరు. అప్పటికింకా తడి కూడా ఆరలేదు.

వాళ్ళు పోయాక బావ మొహం గంటు పెట్టుకుని, అది తల్లి పాట కాదన్నాడు.

"మరి దేని మీది పాట బావా?"

క్యాసెట్టు అట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడో రిలీజు" అన్నాడు.

తర్వాత బావ కూడా అందరిలాగే దుబాయ్ పోయాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు జుట్టు లేదు, చేతిలో ఏడుపు పార్టీ కొత్త క్యాసెట్టు ఉంది. అదే ఆఖరిదట, ఇక విడిపోయారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం చరిత్ర చెప్పినట్టు చెప్పలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంకో సంగతి నా చెవిలో చెప్పాడు. అక్కడ క్యాసెట్ల దుకాణంలో పనిచేసే మలయాళీ ఒకడు ఆ పాట మాట మాటకూ అర్థం విప్పి చెప్పాడట. అందులో తల్లి లేదు. పాటలు చేయించుకుని బీరువాలో పెట్టి తాళం వేసిన కంపెనీ సేటును తిట్టడమట అదంతా. నీ దుకాణం మీద దుమ్ము పడ, నీ గల్లా పెట్టెలో ఎలుకలు తిరగ అని. మేమిద్దరం ఒకేసారి మామ వైపు చూశాం. మామ నిమ్మళంగా చారు పోసుకుంటున్నాడు. మేం ఇద్దరం ఒక్క సంగతికి కలిసి నవ్వడం అదే మొదటిసారి. పొలమారి చచ్చాం.

ఇప్పుడు నేను నిర్మల్‌లో ఉంటున్నాను. నాకు సొంతంగా ఫోన్లలో పాటలెక్కించే చిన్న దుకాణం ఉంది, స్టూలు కాదు, కుర్చీ. మా పక్కింటి ముసలవ్వ ఇప్పటికీ ప్రతి శనివారం పొద్దున పాత క్యాసెట్టులో పటేలు భజన పెట్టుకుంటుంది. మొన్న ప్రసాదానికని పిలిస్తే పోయాను. హారతి అయింది. దుకాణం తెరవాలన్న తొందరలో, ఆపేద్దామని టేప్‌రికార్డర్ వైపు చెయ్యి చాపాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. గా పిలగాని ఏడుపు ఒడువనియ్యి. తల్లి లేనోడు."

డ్రమ్ము మోగింది. అవ్వ కండ్లు మూసుకుంది. ఆ ఇంగ్లండాయన ఎక్కడో ఉన్న తన సేటును కడుపు నిండా శపిస్తున్నాడు, నిర్మల్‌లో దీపం ముందు. ఫ్యాను కింద స్టూలు మీద ప్రాణం బిగబట్టుకుని కూర్చున్న ఆ పది ఫేలు పిల్ల గుర్తొచ్చింది. పాట చివరిదాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది. నేను ఎక్కించిందే కదా. అయిపోయేదాకా నేనూ చేతులు జోడించుకునే నిలబడ్డాను.