పరకాల ఎలుకలు

ముందే ఒప్పుకుంటున్నాను, నా మాటలో సగం ఉబ్బు. చెంబును గంగాళమని చెప్పనిదే నాకు అన్నం అరగదు. చదివేవాళ్ళే ఆ ఉబ్బును కాస్త పిండి ఆరేసుకోవాలి.

ఎక్కడో జర్మనీవాడు యుద్ధం చేస్తుంటే ఇక్కడ మా వరంగల్‌లో నూలు మాయమైంది. మగ్గాలు పడుకున్నాయి. నలభై ఆరేళ్ళ నేనూ పడుకునేవాణ్ణే. కచేరీలో ఉర్దూ కాగితాలకు నకళ్ళు రాసి రాసి, ఆ అక్షరాల్లోని అలిఫ్‌లా నిటారుగా ఉండే నా వెన్ను లామ్‌లా కిందికి వంకరపోయింది. కచేరీ నుంచి వచ్చి ఇంట్లో కూర్చుంటే గోడలు నన్ను చూసి ఆవులించేవి. మట్టెవాడ సత్రంలో దిక్కులేనివాళ్ళకు గంజి పోస్తున్నారనీ, వడ్డించే చేతులు చాలడం లేదనీ మా పక్కింటి నేతాయన లాక్కుపోతే పోయాను. దయతో కాదు.

ఆ గంజి గుండిగలో ఏనుగు జారిపడితే మావటి మర్నాటికి గానీ కనుక్కోలేడు. అంత గంజి ఉండగా ఒక ముసలామె మాత్రం మూడు రోజులుగా ముట్టలేదు. వర్ధన్నపేట దిక్కు నేతపని ఇంటిది. రెండు కళ్ళూ కనపడవు.

"తాగు అవ్వా."

"ఏం పని జేసిన్నని తాగాలె? కండెలు చుట్టి తిన్న చెయ్యిది. అడుక్కునే చెయ్యి గాదు."

"జర నా మొఖం చూసి తాగు."

"కనవడితే గద చూసేది!"

దవాఖాన కాంపౌండర్ ఆమె నాడి చూసి, ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే దక్కదని నా చెవిలో చెప్పిపోయాడు.

నేతాయన అటక మీద ఎలుకలు కొట్టి చిక్కుపడ్డ నూలు లడి, అంటే పోగుల చుట్ట, ఒకటి ఉంటే అడిగి తెచ్చాను.

"అవ్వా, పరకాల నుంచి చిక్కు నూలొచ్చింది. అక్కడి ఎలుకలు పిల్లులంత ఉంటయి. విప్పేటోళ్ళు లేరు."

ఆమె లడి ఒళ్ళో వేసుకుంది. పొద్దు వాలేసరికి చిక్కంతా విప్పి, గంజి తాగింది.

మర్నాటికి ఇంకో లడి కావాలి. ఊరంతా గాలించినా పోగు దొరకలేదు. చేసేది లేక, ఆమె విప్పిన లడినే ఇంటికి తెచ్చి, పొద్దున కచేరీకి పోయేముందు చిక్కు వేసి, సాయంత్రం పరకాల నుంచి వచ్చిన కొత్తదన్నట్టు మళ్ళీ ఆమె ముందు దింపాను. చిక్కు వేయడం సులువనుకునేవాళ్ళు వేసి చూడండి. వేళ్ళు పట్టేసి కచేరీలో కలం జారేది. ఇట్లా ఇరవై రోజులు, నా లెక్కలో రెండు యుగాలు. నేను రాసిన నకళ్ళు ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఈ చిక్కును మాత్రం ఒకరు పోగు పోగూ తడిమి చదివేవారు.

ఒకనాడు ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఈ ముడి నాది."

"నీదెట్లయితది అవ్వా?"

"మంగళారం పోగు తెగితే నేనే ఏసిన. గింత సన్న ముడి మా ఇంట్ల దప్ప ఎవలెయ్యరు. పరకాల ఎలుక యాడ నేర్చింది?"

నేను లడి వెనక్కి లాక్కోబోయాను.

"అంటే ఇన్నొద్దులు బిచ్చమే పెట్టినవన్నట్టు." గిన్నె అవతలికి నెట్టేసింది.

కచేరీ నుంచి అట్లాగే వచ్చిన ఒళ్ళు, కూలబడ్డాను. "అవ్వా, నా చాతగాదిక. నేను చేసే పనుల్ల ఎవలకన్న పనికొచ్చేది ఈ చిక్కొక్కటే. నువ్వు మానుకుంటే నా కొలువు గూడ పోయినట్టే."

ఆమె లడి మళ్ళీ తడిమి, "చిక్కు గూడ సక్కగ పెట్టరాదు నీకు! అన్ని మెలికలు ఒక్క దిక్కే. చెయ్యిటు దే," అంది. నా వేళ్ళు పట్టుకొని తన సన్న ముడి వేయించింది. పదిసార్లు ఊడింది. పదిసార్లూ తిట్టింది.

"పని నేర్పిన. ఇది కూలి," అని గిన్నె దగ్గరికి లాక్కొని తాగింది. "రేపు గూడ రా."

ఇంతవరకూ ఉబ్బే గానీ అబద్ధం లేదు, ఆ చివరి మాట తప్ప. రమ్మని ఆమె అనలేదు. గంజి తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను నడుం పట్టుకొని ఇల్లు చేరాను. మర్నాడు ఎవరూ పిలవకుండానే పోయాను.