ఎర్ర పోగులు

ఈవేళ మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీస్తుండగా, ఆమె పొద్దుటినుంచి కూర్చుని కుట్టిన బొంతలో రెండు వరుసలు ఊడదీసి నేనే తిన్నగా కుట్టిపెట్టాను. ఆమె కుడి రొమ్ముకు ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ ఆమెకు ఇష్టమైన పని ఏదైనా చేయనివ్వమని, ఆసుపత్రిలో అందుకోసమే ఉన్న ఒక అమ్మాయి మరీ మరీ చెప్పింది. కుట్టు వంకరగా పోతుంటే నాకు చూడబుద్ధి కాలేదు, అంతే. ఆమె లేచి బొంతను తడిమి, నా వంక ఒకసారి చూసి, సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టేసింది. ఆ చూపు నేను ఎరిగినదే. చాలా ఏళ్ల కిందట ఇంకొకరి ముఖంలో చూశాను.

అవి రెండో ప్రపంచయుద్ధం నాటి రోజులు. మాది పుంగనూరు, మా నాయన మంచాలకు నవారు నేసేవాడు, ఆ పనే నాకూ అబ్బింది. మదనపల్లెలో ఒక ఆసుపత్రివాళ్లు రోగులకు నవారు నేత నేర్పే మనిషి కావాలంటే వెళ్లి చేరాను. రోగం వచ్చినవాళ్లతో పని చేయించడమేమిటని చూడవచ్చిన బంధువులు శాపనార్థాలు పెట్టేవారు. కాని అక్కడి దొరసాని డాక్టరమ్మ, పడుకోబెట్టి తిండి పెడితే ఒళ్లు మిగులుతుందేమోగాని మనిషి మిగలదని వచ్చీరాని తెలుగులో అందరికీ చెప్పేది. చెయ్యి ఆడితే చాలు, నవారు ఎలా వచ్చినా సరే అన్నది నాకు ఆమె పెట్టిన ఒకే ఒక నియమం. అది నా చెవిన పడిందేగాని మనసుకు పట్టలేదు. వంకర నవారు నేసినవాణ్ణి మా నాయన తన ఎదుట కూర్చోనిచ్చేవాడు కాదు మరి.

ఆ ఏడే కుప్పం వైపు పల్లెనుంచి, గొర్రెలు కాసుకునే ఇంటి పెద్దమ్మ ఒకామె వచ్చింది. రొమ్ములో రాచపుండు, ఇప్పుడు క్యాన్సర్ అంటున్నామే అది. కోసి తీసేశాక కుడి భుజం పట్టేసి, చెయ్యెత్తి కొప్పు ముడుచుకోలేకపోయేది. ఆమె దిగులంతా దాని మీదే. “సచ్చేది ఎప్పుడైనా సచ్చేదే గదప్పా. అంతదాకా కోడలి ముందర తల వంచి కూసోని దువ్విచ్చుకునే బతుకు మాత్రం నాకొద్దు” అనేది. ఆమె చెయ్యి చాచి అందుకునేటట్లు నేను పోగులను ఎత్తున ఉన్న కొయ్యకు కట్టాను. మొదటి రోజు పళ్లు బిగించి, కళ్లనీళ్లు కారుతుండగా నేసినా బెత్తెడు కాలేదు. రోజూ పని ముగిశాక గుర్తుగా ఒక ఎర్ర పోగు అడ్డంగా వేసేది. పోగుకూ పోగుకూ మధ్య ఎడం పెరుగుతుంటే వేళ్లతో కొలిచి, “సూడండమ్మా, మా కోడలికి పని తగ్గిపోతాండాది” అని పక్క మంచాలవాళ్లను నవ్వించేది. చెయ్యి చెవిదాకా లేచింది. ఇంకొక జానెడు లేస్తే కొప్పు అందుతుంది.

అంతలో ఊరి పెద్దలెవరో పనిగది చూడవస్తున్నారని తెలిసింది. పరిచి ఉంచిన నవార్లలో ఆమెది పాములా మెలికలు తిరిగి ఉంది, పైగా నడుమ నడుమ ఆ ఎర్ర పోగులు. నేర్పినవాడి పరువు పోతుందని నాకు భయం పట్టుకుంది. ఆమె మందు తాగి నిద్రపోతున్న వేళ మొత్తం ఊడదీసి, అంచులు గీత గీసినట్లు నేసిపెట్టాను. పెద్దలు మెచ్చుకుని వెళ్లారు. సాయంత్రం ఆమె వచ్చి, ఆ నవారును ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చేతుల్లోంచి జారవిడుస్తూ ఎర్ర పోగుల కోసం వెతికింది. “ఇది నా సెయ్యి కాదప్పా, నీ సెయ్యి. బాగుండాదిలే నీ సెయ్యి” అని దాన్ని నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ పనిగదికి రాలేదు. డాక్టరమ్మ అడిగితే, ఆమెకు ఓపిక లేదట అని చెప్పాను. మొదటి తప్పుకన్నా ఈ అబద్ధం పెద్దది. నిజం చెప్పి ఉంటే డాక్టరమ్మ బతిమాలైనా ఆమెను మళ్లీ కూర్చోబెట్టేది.

మరుసటి ఏడు మా అక్కను చూడడానికి కుప్పం వెళ్లినప్పుడు సంతలో ఆమె కనిపించింది. తల గొరిగి ఉంది. తిరుపతి మొక్కు అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని తప్పుకుపోబోతే ఆమే పిలిచింది. “ఏమప్పా నవారాయనా, యాడికి పారిపోతాండావు? ఇంకా పరాయోళ్ల పని ఊడదీస్తానే ఉండావా?” అని, నా చూపు ఎక్కడ ఆగిందో గమనించి, “మొక్కూ లేదు, గిక్కూ లేదులే. సెయ్యి లెయ్యలా. కోడలి సేత దువ్విచ్చుకునేదానికంటే ఈ బోడితలే మేలు” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. క్షమించమ్మా అనాల్సినవాణ్ణి, అక్క ఎదురుచూస్తుంటుందని చెప్పి వచ్చేశాను. ఈసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. మళ్లీ వెళ్లేసరికి ఆమె పోయిందన్నారు.

ఇప్పుడు రోగులతో ఇలా పని చేయించడానికి ఇంగ్లీషులో ఒక పేరు ఉంది, అందుకొక చదువు ఉంది. రాచపుండు అని గుసగుసలాడుకునే రోజులు పోయాయి. మా ఆవిడ చెయ్యి ఎంత లేచిందో ఆసుపత్రి అమ్మాయి వారం వారం కొలిచి కాగితం మీద రాసుకుంటుంది. పెద్దమ్మ ఎర్ర పోగుతో చేసుకున్నదీ అదే. ఇంత లోకమూ మారింది, ఎదుటివాళ్ల వంకర చూస్తే ఆగలేని నా చెయ్యి మాత్రం మారలేదు.

పొద్దు గూకకముందే బజారుకు పోయి ఒక ఎర్ర దారం రీలు కొనితెచ్చాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, నేను కుట్టిన రెండు వరుసలనూ ఊడదీశాను. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ చెప్పని కుప్పం పెద్దమ్మ సంగతి చెప్పాను.  మా ఆవిడ ఎర్ర దారం అందుకుని సూదిలోకి ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.