అక్క చేతిలో మర

తిరుపతి నుంచి ధర్మపురికి వెళ్లాలనుకునేవారికి నా సలహా: నేరుగా వెళ్లే బస్సు కోసం కాచుకోకండి. వేలూరులో ఒకసారి, కృష్ణగిరిలో ఒకసారి మారితే భోజనాల వేళకు చేరిపోతారు. తమిళం చదవడం రాకపోతే కనిపించిన ప్రతి కండక్టరునూ అడగాలి, అంతే. నాకు తమిళం వినపడుతుంది, కనపడదు.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. ధర్మపురిలో ఉన్న మా అక్క కూతురు కల్యాణి చేసింది. బావ పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి రమ్మంది. మాటల మధ్యలో, "అమ్మ ఇంకా మర ఇడవలేదు మామా," అంది.

"ఎలా మరుస్తుందమ్మా, నలభై ఏళ్ల కాపురం!" అన్నాను, గొంతు బరువు చేసుకుని.

"అయ్యో మామా, మరిచేది కాదు. మర! ఫ్యాను మర!"

బడిపిల్లలకు జీవితమంతా తెలుగు చెప్పినవాణ్ణి. స్క్రూను మర అంటారని ఆ క్షణాన నేనే మరిచాను.

తెల్లవారకముందే బయలుదేరాను. వేలూరు బస్టాండు దగ్గర పొంగలి, వడ. పొంగలి బాగుంది, వడకు మాత్రం మధ్యలో చిల్లు తప్ప చెప్పుకోదగ్గది లేదు. అక్కడినుంచి కృష్ణగిరి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా బావే గుర్తొచ్చాడు.

బావ సైన్యంలో ఇంజినీరు. కనిపించిన ప్రతిదాన్నీ విప్పి చూడాలి ఆయనకు. పెళ్లిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు అక్కను ఒకసారి చూసి, మా గోడగడియారాన్ని మాత్రం మళ్లీ మళ్లీ చూశాడు. అది ఆలస్యంగా నడుస్తోందని మా నాన్న నోరు జారారు. ఇంకేముంది, కాఫీ తాగేలోగా గడియారం చాపమీద ఉంది. ఎదురుగా కూర్చున్న అక్క చేతిలో ఒక మర పెట్టి, "పట్టుకో," అన్నాడు. పెళ్లి ఖాయమైందని మాకు తెలిసింది ఆ మాటతోనే.

అది ఆయన పద్ధతి. మంచుకొండల మీద కాపలా ఉన్న రోజుల్లో జనరేటరు విప్పితే, కిందపడిన మర మంచులో మళ్లీ దొరికేది కాదట. అందుకని ఒక్కొక్క జవాను గుప్పిట్లో ఒక్కొక్కటి పెట్టేవాడు. మర పట్టుకున్నవాడు అక్కడినుంచి కదలకూడదు. బావ "తా" అన్నప్పుడే ఇవ్వాలి. ఇంటికొచ్చాక అదే నియమం ఇల్లంతటికీ వచ్చింది. కదలకూడదన్నది కాస్త సడలి, గడప దాటకూడదు అయింది. మిక్సీ చెడిపోతే చాలు, అందరూ చుట్టూ చేరి గుప్పిళ్లు బిగించి కూర్చునేవాళ్లు. దగ్గర్లోని చెట్టికరై ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఏదో అడగడానికి వచ్చినా వాళ్ల చేతిలోనూ ఒకటి పెట్టేవాడు. ఆ ఇంట్లో మనుషులకు ఊరికే కూర్చునే వీలుండేది కాదు. విడివిడిగా కూర్చునే వీలు అసలే ఉండేది కాదు.

కృష్ణగిరిలో మూడో బస్సెక్కాను. పక్క సీట్లో, ఒళ్లో ఖాళీ టమాటా బుట్టతో ఒక పెద్దావిడ.

"యా ఊరికి పోతా ఉండారు సామీ?"

"ధర్మపురికి వెళుతున్నానమ్మా."

"తెలుగే! అయితే పుస్తకం మాదిరి ఉండాది మీ మాట."

"ఇన్నాళ్లూ పుస్తకాల్లోనే ఉన్నానమ్మా."

"ఇంక బయటికి రండి సామీ. ఇదో, ధర్మపురి వచ్చింది."

ఒంటిగంట దాటింది. అక్క గడప లోపలే నిలబడి ఉంది. "ఏరా, వచ్చినావా? ఎండలో ఎట్లా వాడిపోయినావు చూడు," అంది. ఎడమచేయి గుప్పిట బిగించే ఉంది.

సంగతి కల్యాణి చెప్పింది. ఆ రోజు బావ టేబుల్ ఫ్యాను విప్పి, అక్క చేతిలో మర పెట్టి, "పట్టుకో, నూనె తెస్తా," అని లోపలికి వెళ్లాడు. అక్కడే కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. అప్పటినుంచి అక్క పనివేళల్లో ఆ మరను కొంగున ముడివేసుకుంటుంది, తీరిక దొరికితే గుప్పిట్లో పెట్టుకుంటుంది. గడప మాత్రం దాటలేదు. కల్యాణి కాన్పుకు ఆస్పత్రికి కూడా రాలేదు. పాపను గడప లోపలే నిలబడి అందుకుంది.

"నాకు సెలవు అయిపోయె మామా. హరూర్‌లో మా ఇంటికి పోయి పనిలో చేరాల. అమ్మ రాకపోతే పాపను యెవురు చూస్తారు? ఈ అమ్మను ఒంటిగా యెట్లా ఇడిచి పోయేది?"

మర్నాడు కార్యక్రమం ముగిసింది. భోజనాలయ్యాక ధైర్యం చేసి, "అక్కా, ఫ్యాను బిగించేద్దామా?" అన్నాను.

"బిగించుకోండి. ఆయన 'తా' అంటే ఇస్తా."

నేను "తా" అన్నాను. అక్క నావైపు జాలిగా చూసింది. "నీ గొంతు క్లాసులో పిల్లోళ్లు కూడా వినలేదు కదరా."

అయినా చాప పరిచాం. కల్యాణి రెక్కలు పట్టుకుంది, నేను మిగతా మరలు జేబులో వేసుకుని జాలీ తీసుకున్నాను. జాలీని తిరగేసి పెట్టాను. మళ్లీ పెట్టాను. మళ్లీ తిరగేసే పెట్టాను. అక్కకు నవ్వాగలేదు. ఒళ్లో పాప జారిపోతుంటే పట్టుకోబోయి గుప్పిట తెరిచింది. అరచేతిలో మర తళుక్కుమంది. పాప దానికేసి చేయి చాచింది.

"తా... తా..."

ఎనిమిది నెలల పిల్ల మరను అడిగిందో, తాను చూడని తాతను పిలిచిందో చెప్పడానికి నా వ్యాకరణం నాకు తోడు రాలేదు.

"అచ్చం ఆయన మాదిరే," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. "అడిగితే అడిగిందే. ఆగేది తెలీదు." పాప నోటికి అందకుండా మరను కల్యాణి చేతిలో పెట్టింది. "బిగించవే."

ఫ్యాను తిరిగింది. కొంచెం గొణిగింది గానీ, తిరిగింది.

మూడోరోజు పొద్దున అందరం బస్టాండుకు బయలుదేరాం. ఫ్యానును పాతచీరలో చుట్టి కల్యాణి ఎత్తుకుంది. గడప దగ్గర అక్క ఆగి, రెండు అరచేతులూ విప్పి చూసుకుంది. ఆ ఖాళీ చేతుల్లోకి పాపను తీసుకుని బయటికి అడుగుపెట్టింది. వాళ్లను హరూర్ బస్సెక్కించి నేను కృష్ణగిరి బస్సెక్కాను.

కృష్ణగిరి దాటాక ఫోను వచ్చింది. "మామా, ఇల్లు చేరినాము. ఫ్యాను పెట్టినాము. గడగడ అంటాది. జాలీకి ఒక మర లేదు."

జేబు తడుముకున్నాను. పెన్ను పక్కన మర చల్లగా తగిలింది. బావ ఇంటి గడప దాటి, జిల్లా కూడా దాటి వచ్చేశాను.

ఫోను అక్క లాక్కుంది. "నాకు తెలుసురా, నీ దగ్గరే ఉంటుందని."

"వేలూరులో దిగి కొరియర్లో పంపిస్తానక్కా."

"కొరియరా? ఏమొద్దు. మళ్లీ హరూర్‌కి వచ్చినప్పుడు తెచ్చి ఇయ్యి." వెనక ఫ్యాను గడగడ, పాప కేరింతలు వినిపించాయి.

"అంతవరకూ పట్టుకో."