వంటావార్పులో మందు పెట్టిందన్నారు

ఉద్యమం రోజుల్లో మా కోరుట్లలో వంటలు రోడ్డు మీదే అయ్యేవి. ఒక్కోరోజు ఒక్కో వాడ వాళ్లు కట్టెలు, గిన్నెలు తెచ్చి, బస్సులు కదలకుండా నడిరోడ్డున పొయ్యి పెట్టి వండి, అక్కడే కూర్చుని తినేవాళ్లు. దాన్ని వంటావార్పు అనేవాళ్లు. నాకది దుబారా అనిపించేది. అయినా మా వాడ వంతు వచ్చి ఇంటికింత బియ్యం ఇవ్వాలంటే కొలిచి ఇచ్చాను. తెలంగాణ రావాలని నాకూ ఉండేది.

ఆ రోజు వంట చేసింది మా వెనకింటామె. ఆమెది కోస్తా. మా వాడ పిల్లగాడు మేస్త్రీ పనికి అటు పోయి, అక్కడే పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆమెది చర్చికి పోయే కుటుంబం. వచ్చిన కొత్తలో ఆమెకు తునికాకు కత్తిరించడం కూడా వచ్చేది కాదు. బీడీ చుట్టడం మా అరుగు మీదే నేర్చుకుంది. ఆకు పాడు చేస్తే చేతి మీద ఒకటి వేసేదాన్ని. వంటలో మాత్రం ఆమె ముందు మేమెవరమూ పనికిరాము. వాడలో పెళ్లయినా దినాలైనా పొయ్యి దగ్గర ఆమే ఉండాలి.

టెంటు దుకాణం గిన్నెలు వేరే వాడల వాళ్లు ముందే పట్టుకుపోయారు. అందుకని మా వాడ సంఘం ఇంట్లో మూలకు పడి ఉన్న పాత ఇత్తడి గుండిగ తీశారు. లోపలి కళాయి పోయి ఇత్తడి బయటపడింది. చింతపండు చారు అందులోనే కాచారు. ఉపన్యాసాలు అయితే గానీ తినొద్దన్నారు కాబట్టి, పొద్దున కాచిన చారు ఎండ నడినెత్తికి వచ్చేదాకా అందులోనే ఉంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు ఉంచకూడదని మా వాడలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

"చారు బకెట్లలోకి తీసేద్దామండీ, చిలుమెక్కుద్ది" అని రెండుసార్లు అంది.

"పెద్దోళ్లు మాట్లాడుతున్నరు, జరసేపు సప్పుడు చెయ్యకు" అన్నారు.

తిన్న కాసేపటికి ఒక పిల్ల కక్కుకుంది. తర్వాత ఆ పిల్ల తల్లి. తర్వాత వరుసలో ఎవరిని చూస్తే వాళ్లు. శనివారం ఒక్కపొద్దని మెతుకు ముట్టని మా తోటికోడలు కూడా కడుపు పట్టుకుని కక్కింది. కక్కింది ఉత్త నీళ్లు. సర్కారు దవాఖానాలో సెలైన్లు పెట్టారు. తెల్లారేసరికి అందరూ ఇళ్లకు వచ్చారు. అంతటితో అయిపోవాల్సింది.

మందు పెట్టిందన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో నాకు తెలియదు. గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి తినిపిస్తే అది కడుపులో గడ్డకట్టి, మనిషిని లోపలినుంచి తింటుందని మా దిక్కు నమ్ముతారు. దాన్నే మందు పెట్టడం అంటారు. కొడిమ్యాల దిక్కు నుంచి మందు తీసేవాణ్ని పిలిపించారు. అతను ఒక్కొక్కరికీ పసరు తాగించి, పళ్లెంలో కక్కించి, అందులో వేలు పెట్టి కెలికి నల్లటి ముద్ద తీసి చూపించేవాడు. నేను తాగలేదు. మా తోటికోడలి పళ్లెంలో కూడా ముద్ద దొరికింది.

"నువ్వు తిననే లేదు గదనే?" అని అడిగాను.

"వాసనతోటి గూడ ఎక్కుతదట అక్కా" అంది.

ఆ సాయంత్రం సంఘం ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. తెలంగాణ కోసం చేసే సమ్మె కమిటీలో తిరిగే మా వాడ మనిషి ఒకడు లేచాడు.

"ఇది ఒక్క ఇంటి ముచ్చట గాదు. మనం అన్నం జూస్తెనే భయపడాలె, వంటావార్పులు బందు గావాలె. ఆంధ్రోళ్లకు గదే కావాలె."

"చారు చెడిపోతదని గామెకు ముందుగాల ఎట్ల తెల్సు?" అంది వెనకనుంచి ఒకామె. "రొండుసార్లు అన్నది. నా చెవులార ఇన్న."

"మొన్న ఫోన్ల ఎవలతోనో మస్తుసేపు మాట్లాడింది" అంది ఇంకొకామె.

"మా అమ్మతోనండీ" అంది మా వెనకింటామె.

"మీ అమ్మ యాడుంటది? గాడనే గద!"

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగింది.

నేను లేచాను. "గుండిగకు కళాయి లేదు. గందుల చారు పొద్దటిసంది ఉన్నది. నేనండినా, మీ అవ్వ అండినా గిట్లనే అయితుండె."

"పెద్దవ్వా, నీకు గూడ వెట్టినట్టున్నది మందు" అన్నాడు కమిటీ మనిషి. మళ్లీ నవ్వారు. నేను కూర్చున్నాను. నా పక్కవాళ్లు ఇంత దూరం జరిగారు.

తప్పు చేయకపోతే ప్రమాణం చెయ్యాలన్నారు. తల మీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో గుడి ముందు నిలబడి నేను చెయ్యలేదని చెబితే, మాలో ఎంతటి నింద అయినా అక్కడితో తీరిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. ప్రమాణం చెయ్యకపోతే వాడలో ఉండనిచ్చేది లేదన్నారు.

"రేపే వేములవాడ రాజన్న గుడికి పోదాం పదండి. తడిబట్టలతో నిలబడి చెబుతాను" అంది ఆమె.

ఇక తీరిపోయిందనుకున్నాను. కాని సంఘం పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు.

"రాజన్నను మొక్కనోళ్ల ప్రమాణం రాజన్న ముంగట ఎట్ల చెల్లుతది? అబద్దమాడినా ఆమెకేం గాదు."

"అయితే బైబిలు పట్టుకుంటానండీ."

"గది మాకేమెర్క? గది మాకు చెల్లది."

గుడి ముందు ప్రమాణానికి ఒప్పుకుందని చర్చివాళ్లకు కోపమొచ్చింది. ఆ ఆదివారం ఆమె కూర్చున్న చాప మీద ఎవరూ కూర్చోలేదట. ప్రమాణం చేస్తే ఉండొచ్చు, చేద్దామంటే ఆమెకు చోటు లేదు. ఆమె భర్త ఈ మాటలన్నీ తల వంచుకుని విన్నాడు.

నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకు తీసేవాళ్లు. బీడీలు నోట్లో పెట్టుకునేవి కాబట్టి ఆమె కట్టలు తమ కట్టల్లో కలపొద్దని కార్ఖానాలో ఆడవాళ్లు గొడవ పెట్టారు. సేటు ఆమెకు ఆకు ఇవ్వడం మానేశాడు.

ఒక పగలు నేను అందరూ చూస్తుండగా ఆమె వాకిట్లో కూర్చుని, ఆమె వండిన అన్నం తిన్నాను. పంతానికి తిన్నాను. ప్రేమకేమీ కాదు.

"గా ముసల్దానికి ఏ మందు వట్టదే. మందుకే వాంతులైతయి" అంది ఎదురింటామె.

నాకేమీ కాలేదు. అది కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

భార్యాభర్తలు సామాను ఆటోలో వేసుకుని సిరిసిల్ల పోయారు. అక్కడ అతని అక్క బట్టలు నేసే సాంచాల దగ్గర పని చేసేది. ఆటో కదిలేటప్పుడు నేను అరుగు మీద బీడీలు చుడుతున్నాను. తడిపిన ఆకు ఆరిపోతుందని లేవలేదు.

తెలంగాణ వచ్చింది. మిఠాయి పంచారు, తిన్నాను. కమిటీలో తిరిగిన మనిషి ఎదురైతే "బాగున్నవా పెద్దవ్వా" అంటాడు. బాగున్న అంటాను.

తర్వాత ఒకసారి చుట్టాల పెళ్లికి సిరిసిల్ల పోయినప్పుడు ఆమె ఇల్లు అడుగుతూ పోయాను. సాంచాల చప్పుడుకు వీధిలో మాట వినిపించదు. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని నూలు కండెలకు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మంది. మా వాడలో ఎవరినీ అడగలేదు. వేళ అన్నం వేళ. లేచి బియ్యం డబ్బా, కందిపప్పు, అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"వండుకోండి పెద్దమ్మా."

"నువ్వే అండు. నీ చేతి పప్పు తినబుద్ధయితున్నది."

"ఇంట్లోవాళ్లకే వండుతాను పెద్దమ్మా. బయటివాళ్లకు వండను."

"నేను బయటిదాన్నా?"

ఆమె మళ్లీ కూర్చుని నిండిన కండె తీసి ఖాళీది పెట్టింది.

నేనే వండాను, ఇద్దరికి సరిపడా, మెతుకు మిగలకుండా. పళ్లెంలో పెట్టి ఇస్తే కలుపుకుని తింది. ఉప్పు తక్కువైంది. గిన్నెలు కడిగి బోర్లించి, నేను బస్సుకు వచ్చేశాను.