లాగేవాళ్లు, కూర్చునేవాళ్లు

మా అమ్మ అట్రాక్టా ఫీనీ ముప్పై ఏళ్లపాటు ఏటా లూర్దుకి వెళ్లింది. భక్తి కోసం వెళ్లిందని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. అమ్మ వెళ్లింది పనికి. మా మేత్రాసనం, అంటే మా బిషప్పు కింది చర్చిల వాళ్లు, ప్రతి వేసవిలో విమానం నిండా రోగుల్నీ ముసలివాళ్లనీ ఎక్కించుకుని ఫ్రాన్సుకి, మాత కనిపించిందని చెప్పే ఆ గుహ దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ వాళ్లని మడత కప్పున్న నీలం బళ్లలో కూర్చోబెట్టి, ముందున్న కడ్డీ పట్టుకుని రిక్షాలా లాగుతారు. లాగేవాళ్లకి తెల్ల ఏప్రాను, గుండెల మీద బిళ్ల ఉంటాయి. అమ్మది ఆ జట్టు. స్లైగోలో కొండ కింద మా పాకలో ఆవుల్ని, మా నాన్నని, నన్నూ మా తమ్ముడు మలకీనీ ఏడాదంతా ఏలి, ఆ ఒక్క వారం మాత్రం ఫ్రాన్సు వెళ్లి పరాయివాళ్లని ఏలి వచ్చేది.

ఇప్పుడామెకి ఎనభై మూడు. తుంటి ఎముక మార్చారు. నడుస్తుంది, చేతికర్ర ఉంటుంది, కానీ కర్రని నేలకి ఆనించడం కన్నా మనుషుల్ని చూపించడానికే ఎక్కువ వాడుతుంది.

మొన్న ఏప్రిల్లో యాత్ర పనులు చూసే డింప్నా మా ఇంటికి వచ్చింది. పాపం, మంచి మనిషి. టీ వద్దంది, మళ్లీ వద్దంది, మూడోసారి అమ్మ పోసేసింది. హామ్ పెట్టిన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, కిటికీ వైపు చూస్తూ అసలు మాట చెప్పింది.

“మిసెస్ ఫీనీ, ఈ ఏడు మిమ్మల్ని సాయం కావలసినవాళ్లలో వేశాం. మీకే సుఖం. బండి ఉంటుంది, కింద గది ఉంటుంది, పక్కనే నర్సు.”

“ఓహో,” అంది అమ్మ. “ఇంకో కప్పు తాగు డింప్నా.”

తర్వాత అమ్మే డింప్నా పిల్లల గురించి అడిగింది, ఆమె పోయేటప్పుడు సగం బ్రౌన్ బ్రెడ్ చేతిలో పెట్టింది, గుమ్మం దాకా వెళ్లి చెయ్యి ఊపింది. కారు మలుపు తిరిగాక తలుపు వేసి నా వైపు తిరిగింది.

“నన్ను బండిలో వేస్తారట. దాన్ని మొదటిసారి విమానం ఎక్కించింది నేను. వాంతి చేసుకుంటే కడిగింది నేను.”

“నడవలేవని కాదమ్మా. ఎక్కువ దూరం నడవలేవని.”

“మజెల్లా, నువ్వు ఎవరి పక్షం?”

నేనెవరి పక్షమూ కాదు. పశువుల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగం నాది. రోజంతా వేరేవాళ్ల ఆవుల బాధలు విని ఇంటికొచ్చి మా అమ్మ బాధ వినాలి. ఆమె బాధకి విరుగుడు కూడా ఆమే కనిపెట్టింది. ఇద్దరమే వెళ్తామట. జట్టు లేకుండా, ఫాదర్ లేకుండా, డింప్నా లేకుండా.

నేను చెప్పాల్సినదంతా చెప్పాను. జట్టుతో వెళ్తే ఇక్కడ విమానం ఎక్కి అక్కడ దిగడమే, డాక్టరు ఉంటాడు, మన టీ ఉంటుంది, మన భాషలో పూజ ఉంటుంది. మనంతట మనం వెళ్తే డబ్లిన్‌కి బస్సు, అక్కణ్ణుంచి విమానం, ఆ పైన రైలు, కొండ మీద హోటలు, ఎక్కడ పడిపోతే అక్కడే అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. “నాకు డాక్టరెందుకు, నువ్వున్నావుగా,” అంది. పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తున్నందుకు నాకిచ్చిన గౌరవం అది.

గాల్వేలో ఉన్న మలకీకి ఫోన్ చేశాను. “అమ్మకి ఏది ఇష్టమైతే అది చేద్దాం అక్కా,” అన్నాడు. చేద్దాం అన్నది వాడి నోట ఎప్పుడూ నన్ను గురించిన మాటే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మేము వెళ్లిన వారం సరిగ్గా మా మేత్రాసనం వెళ్లిన వారమే. “అప్పుడే టికెట్లు చవక,” అంది అమ్మ. అవి చవకేం కాదు, కొన్నది నేను.

ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రైల్లో ఎదురుగా కూర్చున్నాయన కాళ్లు చాపితే కర్రతో పక్కకి జరిపింది. హోటల్లో పొద్దున్నే ఫలహారం అయ్యాక పక్క బల్ల వాళ్ల పళ్లేలు కూడా ఎత్తి దొంతర పెట్టింది. ఆ బల్ల వాళ్లు ఇంకా తింటున్నారు. దారిలో ఎవరో ఇటలీ అమ్మాయి తన తాతగారి కుర్చీని వాలులో ముందుకి దింపుతుంటే ఆపి, వెనక్కి తిప్పించి దింపించింది. అమ్మకి ఒక్క ముక్క ఇటలీ భాష రాదు.

నడకే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. పది అంగలు వేస్తే ఆయాసం. అలసిపోయావా అని అడిగితే చాలు, మొహం గంటు పెట్టుకునేది. “నీకు అలసటగా ఉంటే కూర్చో,” అనేది. దాంతో అలసట నాకే రావాలి. అబ్బ మోకాలు అని నేను మూలిగితే, కనబడిన అరుగు మీదల్లా ఇద్దరం కూర్చునేవాళ్లం. రెండో రోజుకి నా మూలుగులో ఎంత నిజం వచ్చేసిందంటే, మా దేశంలోనే కార్క్ నుంచి వచ్చిన ఓ తెల్ల ఏప్రాను మనిషి నా దగ్గరికి వచ్చి, కుర్చీ తెమ్మంటారా అని అడిగాడు.

“తేవయ్యా,” అంది అమ్మ. “పాపం, దానికి చిన్నప్పటి నుంచీ అంతే.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం ఊరేగింపు. అన్ని దేశాల జట్లూ జెండాలు పట్టుకుని వరసగా నడుస్తాయి, ముందు నీలం బళ్లు. జట్టు లేనివాళ్లు తాడుకి ఇవతల నిలబడి చూడాలి. ముప్పై ఏళ్లలో అమ్మ ఆ తాడుకి ఇవతల ఎప్పుడూ లేదు. ఎండ మండుతోంది. కూర్చుందామన్నాను, మోకాలన్నాను, ఈసారి నా మోకాలు పనిచేయలేదు. తాడు గట్టిగా పట్టుకుని నిలబడింది.

మా జెండా వచ్చింది. దాని వెనక మొదటి బండిలో మా ఊరి పాకీ గిల్మార్టిన్, తొంభై దాటిన మనిషి, చెవుల్లో వెంట్రుకలు తప్ప తలమీద ఏమీ లేవు. లాగుతున్నది డింప్నా. ముందు ఎక్కడో ఆగినట్టుంది, వరస మా ఎదురుగానే నిలిచింది.

“అట్రాక్టా,” అని పిలిచాడు పాకీ. “అక్కడేం చేస్తున్నావే? ఈవిడ గతుకులు వెతికి వెతికి ఎక్కిస్తోంది. నా నడుం పోయింది. నువ్వు రా.”

నేను చెయ్యి పట్టుకునే లోపలే అమ్మ కర్ర నాకిచ్చి తాడు కిందనుంచి వంగి వెళ్లిపోయింది. డింప్నా ఏదో అనబోయి, అమ్మ మొహం చూసి, కడ్డీ వదిలేసింది.

వరస కదిలింది. అమ్మ రెండు చేతులా కడ్డీ పట్టుకుని లాగింది. బండి కదలలేదు. ఒళ్లంతా ముందుకి వంచి మళ్లీ లాగింది. చక్రాలు కాస్త దొర్లి ఆగిపోయాయి. ముందు జట్టుకీ మాకూ మధ్య దారి ఖాళీ అవుతోంది, వెనక బళ్లన్నీ నిలిచిపోయాయి. ఊరేగింపు పాట మాత్రం ఆగలేదు. పాకీ తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎవరైనా తిడితే బాగుండేది. నాకు అప్పటిదాకా ఉన్న విసుగంతా పోయింది.

నేనూ తాడు దాటాను. డింప్నా పాకీ బండి తీసుకుని వరస కదిలించింది. వెనకనుంచి ఎవరో ఖాళీ బండి తోసుకొచ్చారు. అమ్మ దాని వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఎండగా ఉంది,” అంది. “ఆ బండి కప్పు కింద కాసేపు కూర్చుంటాను.”

నేను కడ్డీ పట్టుకున్నాను. ఊరేగింపు అయ్యేదాకా లాగాను. నేను ఎత్తుపల్లాలు సరిగ్గా చూడలేదు, జపమాల తప్పు చదివాను, పక్క జట్టు వాళ్ల దారిలోకి వెళ్లాను. అమ్మ ఒక్కదానికీ తిట్టలేదు. నాకు భయం వేసింది.

జనం పలచబడ్డాక డింప్నా వచ్చి బండి పక్కన నిలబడింది.

“మిసెస్ ఫీనీ, వచ్చే ఏడు ఎలా? మాతో వస్తారా, మజెల్లాతో ఇలాగే వస్తారా?”

“మీతోనే,” అంది అమ్మ. “ఈ ఏడు మీరు వేసినవాళ్లలోనే వేయండి. లాగేది మాత్రం మజెల్లా.”

నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడాదికి ఉన్న సెలవే మూడు వారాలు, అందులో ఒకటి ఆ క్షణాన పోయింది. డింప్నా నా భుజం తట్టి వెళ్లింది. నేను విసురుగా కడ్డీ ఎత్తి హోటలు వైపు లాగాను.

“మజెల్లా, ఆగు.”

ఆగాను.

“ఇక్కణ్ణుంచి వీపు తప్ప ఏమీ కనపడదు,” అంది అమ్మ. “ముప్పై ఏళ్లు ఎంతమందిని లాగానో. సుఖంగా ఉందా అని ముందుకి చూస్తూ అరిచేదాన్ని. ఉందనేవాళ్లు. ఏ మొహంతో అన్నారో నేను చూడలేదు.”

“వాళ్లు నిన్ను తలుచుకోని రోజు లేదమ్మా.”

“అది కాదే. ఇందాక నువ్వు లాగుతుంటే, నేను వెనక ఉన్నానని నీకు గుర్తుందో లేదో తెలియలేదు. నాకు భయమేసింది.”

భయమనే మాట అమ్మ నోట నేను వినడం అదే మొదలు. నాన్న పోయినప్పుడు కూడా అనలేదు. బండి చుట్టూ తిరిగి వెనకనుంచి తోద్దామా అనుకున్నాను, తోస్తే అసలు నేనే కనపడను. చివరికి కడ్డీ వదలకుండానే ఇటు తిరిగి, అమ్మకి ఎదురుగా, వెనక్కి అడుగులు వేస్తూ లాగడం మొదలుపెట్టాను.

“పడతావు,” అంది.

“నువ్వు చెప్పు ఎటు వెళ్లాలో.”

అమ్మ బండి కప్పు వెనక్కి తోసి నిటారుగా కూర్చుంది. నా భుజం మీదుగా దారి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నేను చూస్తున్నానని తెలిసినా తుడుచుకోలేదు.

“నెమ్మదిగా. వెనక ఫాదరెవరో ఉన్నారు, ఆగు. వెళ్లారు. ఊఁ, రా. ఇప్పుడు ఎడమకి. ఎడమకన్నానా?”

“ఎవరి ఎడమ?”

“నాదే. ఇంకెవరిది?”